జెండా పండుగ మర్నాడు

దుమ్ముగూడెం దాటినంక గోదారి ఒడ్డున ఉన్న ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది జోజమ్మ. ఆ బడి సారు రోజూ పొద్దున బోర్డు మీద, ఈ తారీఖున ఏ రాజు గెలిచిండో, ఏ గొప్ప మనిషి పుట్టిండో రాస్తడు. పిల్లలు గట్టిగా చదువుతుంటే జోజమ్మ బియ్యం కడుగుతూ వింటది. ఒక్క ఆగస్టు జెండా పండుగ మర్నాడు మాత్రం వినదు. పొయ్యి ముందు, పొగలోనే కూర్చుంటది.

ఆ తారీఖు ఆమెది. ఎనభయ్యారు పెద్ద వరదలో, ఆ బడి డాబా మీదనే, తడిసిన గోనెసంచుల నడుమ పుట్టింది. తండ్రి ఆ పొద్దే, కట్టేసిన ఎద్దులను విప్పి వస్తనని నీళ్ళలోకి దిగిండు. ఎద్దులు వచ్చినయ్. బడిలో వేసేటప్పుడు తల్లి భయపడి జూన్ నెల రాయించింది. ఆదివారం గుడిలో పాస్టరుగారు ఆ వారం పుట్టినోళ్ళను ముందుకు పిలిచి ప్రార్థన చేస్తడు. జోజమ్మ ఎన్నడూ లేవలేదు. జూన్‌లో లేస్తే దేవుని ముందు అబద్ధం, ఆగస్టులో లేవాలంటే గుండె దడ.

మూడేళ్ళ కింద కొడుకు జస్టిన్, వరదకు కొట్టుకొచ్చే దుంగలను పట్టబోయిండు. ఆ ఒడ్డున అందరూ పట్టేవే, ఏడాదంతా పొయ్యిలోకి అవే. నడుముకు తాడు కట్టుకొని దిగిండు. తాడు ఒక్కటే దొరికింది. తారీఖు మళ్ళీ అదే.

ఇప్పుడు కూతురు హెప్సిబాకు నెలలు నిండినయ్. వానకాలం అట్లాంటోళ్ళను ముందే భద్రాచలం తీసుకపోయి దవాఖానా దగ్గర ఉంచుతరు. జెండా పండుగకు ముందే ఆశా కార్యకర్త జంపక్క ఆటో మాట్లాడుకొచ్చింది.

“జల్దీ ఎక్కించు వదినా. వాగొస్తే నీ బిడ్డను నేను ఎత్తుకపోవాల్నా? నా నడుం చూసినవా?”

“నొప్పులు రాకుంటే పదహారుకు కోస్తమన్నది డాక్టరమ్మ. ఆ దినం వద్దు. పదిహేడుకు నేనే తీసుకొస్త.”

“ఏంది, గోదారికి కేలెండరు నువ్వు కొనిచ్చినవా?”

హెప్సిబా కిసుక్కున నవ్వింది. జోజమ్మ నవ్వలేదు. ఆటో ఖాళీగానే పోయింది.

జెండా పండుగ నాడు మిఠాయిలు పంచుతుండంగనే మబ్బు కమ్మింది. తెల్లారేసరికి వాగు మీద రోడ్డు లేదు. ఇంట్లోకి నీళ్ళు, హెప్సిబాకు నొప్పులు రెండూ ఒక్కసారే వచ్చినయ్. నలుగురు పట్టి మంచంతోనే ఆమెను బడికి మోసిండ్రు. నిన్నటి రంగుకాగితాలు తడిసి వేలాడుతున్న వరండాలో, జంపక్క చేతుల్లో మగబిడ్డ పుట్టిండు. గట్టిగా ఏడ్చిండు. కానీ తల్లికి రక్తం ఆగలేదు. పాత చీరలన్నీ తడిసిపోయినయ్.

సర్కారు పడవ వచ్చేసరికి హెప్సిబా పెదాలు తెల్లబడ్డయ్. తల్లీబిడ్డకూ జంపక్కకూ మాత్రమే చోటు.

“వదినా, పుట్టిన తారీఖు అడుగుతరు. రేపటిది చెప్పాల్నా?” జంపక్క పడవలోంచి అడిగింది.

జోజమ్మ కూతురి చల్లని పాదం మీది నుంచి చెయ్యి తీసింది.

“ఇయ్యాల్టిదే చెప్పు. ఆ దినం నుంచి దాయబట్టే గదా నా బిడ్డకు గిట్లయింది. పో, జల్దీ పో!”

దుంగల నడుమ నుంచి పడవ పోతుంటే, ఒడ్డున ఎవ్వరూ కట్టెలకు దిగలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే జంపక్క ఫోన్ చేసింది. “బతికింది వదినా. గర్భసంచి తీసేసిండ్రు. ఇగ పిల్లలు కారు.”

నీళ్ళు తగ్గలేదు, తొవ్వ లేదు. బిడ్డను చూడను కూడా పోలేక జోజమ్మ మిట్ట మీది గుడికి పోయింది. పాస్టరుగారు పిలవంగనే లేచి ముందుకొచ్చింది. ఆయన తెల్లబోయిండు.

“ఎవరి పుట్టినరోజమ్మా?”

“నాది. నా మనుమడిది.”

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టిండు. అందరూ కళ్ళు మూసుకున్నరు. జోజమ్మ మూయలేదు. కిటికీ అవతల గోదారి ఇంకా దుంగలను తెస్తనే ఉన్నది.