పెళ్ళింట్లో నానీమా ఫొటో

మొన్న చెల్లెలి మనవరాలి నిశ్చితార్థంలో పిల్లలంతా నా చుట్టూ చేరి, ఏ ఫోన్ కొంటే ఫొటోలు బాగా వస్తాయో చెప్పమని పట్టుబట్టారు. ఒకప్పుడు నేను పాతబస్తీ పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేదాన్నని ఎవరో చెప్పినట్టున్నారు. ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకున్నాను గానీ, ఆ రోజంతా నా మనసు పత్తర్‌గట్టిలో మా అక్కాబావల ఫొటో స్టూడియో చుట్టూనే తిరిగింది.

మాది యాకుత్‌పురాలో పాలు అమ్ముకునే ఇల్లు. పరదా పాటించే ఇళ్ళలో ఆడవాళ్ళ వైపుకు మగ ఫొటోగ్రాఫర్లను రానిచ్చేవారు కాదు కనుక, నాకు పని నేర్పిస్తానని బావ వచ్చి మా బాపును అడిగాడు. బర్రెలకు మేత వేస్తున్న బాపు మోపంతా వేసి చేతులు దులుపుకున్నాడు. "నేర్చుకోనీ తియ్యి, చేతిల పని ఉంటె మంచిదే గదా" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ ఆయనకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

బావ నా చేతికిచ్చింది స్టూడియోలోని పాత కెమెరా. దాని ఫ్లాష్ వెలిగితే వెలిగినట్టు, లేకుంటే లేదు. భయపడుతుంటే, "ముందుగాల మనిషిని సూడు, ఎలుగు యాడికెళ్ళి వస్తుందో సూడు, కెమెరా ఫికర్ తర్వాత" అనేవాడు.

ఒకసారి ఫలక్‌నుమాలో పెళ్ళి. పెళ్ళికూతురి అమ్మమ్మను ఇంట్లో అందరూ నానీమా అనేవారు. మంచం పట్టిన ఆవిడ జన్మలో ఫొటో దిగలేదట. ఆమె పక్కన కూర్చుని ఒక్క ఫొటో దిగాలని పెళ్ళికూతురి కోరిక. దుబాయి నుంచి వచ్చిన మేనత్త తన కొత్త కెమెరాతో ఎన్నిసార్లు ప్రయత్నించినా, ఫ్లాష్ మెరవగానే నానీమా దుపట్టా ముఖం మీదికి లాక్కునేది. నా వంతు వచ్చేసరికి నా ఫ్లాష్ అసలే వెలగలేదు. పెళ్ళికూతురి కళ్ళలో అప్పటికే నీళ్ళు.

కెమెరా ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కింద కూర్చున్నాను. "కిస్కీ బేటీ హై రే తూ?" అని అడిగింది నానీమా. యాకుత్‌పురా పాలాయన కూతురినంటే, పాలలో నీళ్ళు ఎన్ని పోస్తారని అడిగి, తనే పళ్ళు లేని నోటితో నవ్వింది. మాటల్లో తెలిసింది, ఆపరేషన్ అయిన కళ్ళు ఆ మెరుపుకు మండిపోతున్నాయట, అంతే. మెరుపు లేకుండా తీస్తానంటే, "తో లేలే" అని, అయితే తీసుకోమన్నట్టు దుపట్టా సర్దుకుంది.

కిటికీ పరదా పక్కకు జరిపించాను. మధ్యాహ్నపు వెలుగు మెల్లగా మంచం మీదికి వచ్చింది. ఇద్దరినీ కదలొద్దని చెప్పి, మోచేతులు మంచం పట్టె మీద ఆనించి, ఊపిరి బిగపట్టాను. నానీమా మనవరాలి గోరింటాకు చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ ఆగిపోయింది. అప్పుడు నొక్కాను.

చీకటి గదుల్లో తీసినవి ఆ రోజు చాలా పాడయ్యాయి. మంచి కెమెరా ఉంటే అవి దక్కేవే. ఆ ఒక్కటి మాత్రం కడిగి ఆరబెట్టాక బావ అక్కను కేకేసి పిలిచాడు. "జర ఇటు రా, నీ చెల్లె మస్తు దీసింది" అన్నాడు. కొన్నాళ్ళకు నానీమా పోయిందని, ఆ ఫొటో పెద్దది చేయించుకోవడానికి పెళ్ళికూతురూ వాళ్ళమ్మా వచ్చారు. ఆ తల్లి నన్ను కావలించుకుని చాలాసేపు వదల్లేదు.

తర్వాత బావ నాకు కొత్త కెమెరా తెచ్చినప్పుడు సంబరపడ్డాను, కాదనను. ఇప్పుడు బావ లేడు. స్టూడియో ఉన్న చోట బట్టల దుకాణం వెలిసింది. పట్టపగలు కూడా దీపాలు ధగధగలాడుతుంటాయి. అటు వెళ్ళినప్పుడల్లా, మాకు ఇంత వెలుగు ఉండి ఉంటే ఎంత సుఖంగా ఉండేదో అనుకుంటాను. కానీ అంత వెలుగే ఉంటే, ఆ ముసలమ్మ పక్కన కూర్చుని కబుర్లు చెప్పే పని నాకెందుకు పడేది?