ఆంటీ శ్రుతికి నల్ల తీగలు

మెట్లు లేని బేస్ గిటారుకు ఏ తీగలు మంచివని ఎవరైనా నన్నడిగితే, మీ పక్కన పాడేదెవరని తిరిగి అడుగుతాను. తీగల సంగతి అడిగితే మనుషుల సంగతి ఎత్తుతాడేమిటని నావైపు వింతగా చూస్తారు. చూడనీ. నాకా బుద్ధి తొంభైల్లో ఢిల్లీలో ఒక నర్సమ్మ వల్ల వచ్చింది, అంత తేలిగ్గా వదులుకోను.

అప్పట్లో నేను లక్ష్మీ నగర్‌లో గది తీసుకుని ఉండేవాణ్ని. వారమంతా ఓఖ్లాలో ఒక కంపెనీ పద్దులు రాయడం, ఆదివారం తెలుగు క్రైస్తవుల ఆరాధనలో బేస్ వాయించడం. మాకు సొంత గుడి లేదు. పొద్దున హిందీవాళ్లదీ ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లదీ ముగిశాక, భోజనాల వేళ దాటాక వాళ్ల చర్చి హాలు మాకిచ్చేవారు. ఎండాకాలంలో ఆ వేళకి బల్లలు పెనాల్లా కాలేవి. డ్యూటీ దిగి తెల్ల యూనిఫాంలోనే వచ్చి కూర్చున్న నర్సులు ప్రసంగంలో కునుకు తీస్తుంటే మా పాస్టరు అయ్యగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఆయనలో నాకు బాగా నచ్చిన గుణం అదే.

గిటారు దర్యాగంజ్‌లో పాత వాయిద్యాల కొట్లో దొరికింది. వీణకున్నట్టే గిటారు మెడ మీద కూడా అడ్డంగా లోహపు మెట్లుంటాయి. నాదానికి లేవు. అంతకుముందు వాయించినాయన ఎవరో వాటిని పీకించి గాడుల్లో లప్పం పెట్టించాడు. అందువల్ల వేలు ఎక్కడ పెడితే స్వరం అక్కడే పలుకుతుంది, రెండు స్వరాల మధ్య సందులోనూ నిలబడొచ్చు. వేలు తప్పితే పరువు పోయేదీ అక్కడే. దానికున్న తీగలు కూడా మామూలువి కావు. లోపల ఉక్కు, పైన నల్లటి నైలాన్ తొడుగు. మెత్తగా, లోతుగా, దిండు కింద నుంచి వచ్చినట్టు మోగేవి.

మా ఆరాధనలో పాట ఎత్తేది ఆంటీ. గుంటూరు జిల్లా మనిషి. ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేరి, సిస్టర్‌గా తల నెరిపించుకుని, రిటైర్‌మెంటు అంచుకొచ్చింది. పాట ఎత్తడమంటే మైకు పట్టుకుని ముందు నిలబడడం కాదు. అయ్యగారు కీర్తన పేరు చెప్పగానే ఆమె కూర్చున్న చోటి నుంచే మొదటి మాట అందుకునేది, హాలంతా ఆ గొంతు వెనక నడిచేది. మా ఊళ్ల పద్ధతి అదే. ముందు మనిషి, తర్వాత వాయిద్యం.

గొడవంతా అక్కడే మొదలైంది. ఆంటీ ఎత్తిన శ్రుతి కీబోర్డులో ఏ మెట్టుకూ సరిపోయేది కాదు. ఒక మెట్టుకి కాస్త పైన, దాని పై మెట్టుకి బాగా కింద. కీబోర్డు వాయించే కుర్రాడు హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. చేతివేళ్లు బంగారం, మూతి మాత్రం ఎప్పుడూ ముడుచుకునే ఉండేది.

"నేనేం జెయ్యాలన్నా? ఆమె రెండు మెట్ల నడిమిట్ల పాడుతది. నా దగ్గర నడిమిట్ల మెట్టు లేదు" అనేవాడు.

"నా దగ్గరుంది" అనేవాణ్ని నేను. నాకు ఇట్టే కోపం వస్తుంది. అందులో ఆంటీ మీద ఎవరైనా మాట తూలితే మరీను. టైఫాయిడ్‌తో గదిలో పడి ఉన్నప్పుడు రోజూ స్టీలు క్యారేజీలో గంజి తెచ్చి, తాగేదాకా కదలకుండా కూర్చున్న మనిషి ఆమె.

ఆ మాఘమాసపు చలి తగ్గాక కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, ఏ విషయమైనా ఫైలు కదిపినట్టే కదిపేవాడు. సిస్టర్‌గారికి వయసు మీద పడుతోంది, గుడ్ ఫ్రైడే నుంచి శ్రుతి కీబోర్డే ఇస్తుంది, పాటలు పిల్లలెవరైనా నడిపిస్తారు అన్నాడు. ఆంటీ అక్కడే ఉంది. తల వంచుకుని చేతిసంచి జిప్పు మూసింది, మళ్లీ తీసింది. అయ్యగారికి మనసొప్పలేదు. అప్పటిదాకా ఉన్న ఆదివారాలు చూద్దామని మెల్లగా అన్నారు. అంటే గుడ్ ఫ్రైడే లోపల ఆంటీ శ్రుతి నిలబడాలి, లేకపోతే అంతే సంగతులు.

బస్టాపు దాకా ఆమె సంచి నేనే పట్టుకుని నడిచాను.

"అందరూ కలిసి అనుకున్నాక మనమేం జేస్తాంలే బాబూ" అంది. "కానీ పాట ఎత్తకుండా ఆ బల్ల మీద ఊరకే ఎట్టా కూర్చోవాలో నాకు తెలవదయ్యా."

 ఏదో ఒకటి చెయ్యాలి. నా చేతిలో ఉన్నది గిటారొక్కటే. చూస్తే తీగల నల్ల తొడుగు చిట్లి లోపలి ఉక్కు బయటికొస్తోంది. కొత్త తీగలు వేస్తే స్వరం స్పష్టంగా ఉంటుంది, ఆంటీకి బాగా వినిపిస్తుంది, పట్టు దొరుకుతుంది అనుకున్నాను.

దర్యాగంజ్ కొట్టు సర్దార్జీ మూడు రకాలు బల్ల మీద పరిచాడు. చుట్టు తీగ గరగరలాడే ఉక్కువి మొదటి రకం. అవి మెట్లు లేని గిటారు చెక్కని ఆకురాయిలా తినేస్తాయని వాటిని ఆయనే పక్కకి నెట్టేశాడు. రెండోది నున్నటి ఉక్కు తీగ, చదునుగా చుట్టింది. మూడోది మళ్లీ ఆ నల్ల నైలాన్‌దే.

"నల్లవాటితో రొద పోదు భాయ్‌సాబ్. నున్నవి తీసుకోండి, సాఫ్ ఆవాజ్, శుభ్రంగా మోగుతాయి" అన్నాడు.

రొద అంటే నాకు తెలుసు. ఆ హాలు పాతది, వైరింగులో ఎర్త్ ఉందో లేదో దేవుడికే తెలియాలి. నా ఆంప్లిఫయర్ స్విచ్చి వేసిన క్షణం నుంచి ఊఁ అని గొణుగుతూనే ఉండేది. ఉక్కు తీగ మీద చెయ్యి ఆనిస్తే ఆ గొణుగుడు ఆగుతుంది. నైలాన్ తొడుగుంటే చెయ్యి లోహానికి తగలదు కాబట్టి ఆగదు. కీబోర్డు కుర్రాడు ఆ రొద గురించి నన్ను వారం వారం సాధించేవాడు. ఒక దెబ్బకి రెండు పిట్టలనుకుని నున్న ఉక్కు తీగలు కొన్నాను.

ఆ ఆదివారం హాలు అద్దంలా ఉంది. నా చెయ్యి తీగల మీద ఉంది, రొద లేదు. కుర్రాడు మొదటిసారి నన్ను చూసి నవ్వాడు. అయ్యగారు కీర్తన పేరు చెప్పారు. ఆంటీ నోరు తెరిచింది, ఆగింది. గొంతు సవరించుకుని ఎక్కడో కిందగా ఎత్తింది, రెండో చరణానికి అక్కడా నిలవలేక జారింది. నేను వేలు జరుపుకుంటూ ఆమె వెనకే పరుగెత్తాను గానీ నిలవని శ్రుతిని ఎవరు మాత్రం పట్టుకోగలరు? కమిటీ పెద్ద నేల చూపులు చూశాడు. తర్వాతి ఆదివారమూ అంతే. ఆమె మొహం చూడలేకపోయాను.

గుడ్ ఫ్రైడే ముందు శనివారం పాటల అభ్యాసానికి హాల్లో కలిశాం. ఎప్పటిలాగే ఆంటీ అందరికంటే ముందొచ్చి తన బల్ల మీద కూర్చుంది. నేను ఆంప్లిఫయర్ స్విచ్చి వేసి, గిటారు గోడకి ఆనించి, మంచినీళ్లకి బయటికెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆమె ఒంటరిగా పాడుకుంటోంది. పాత గొంతు, పాత శ్రుతి, ఎక్కడా వణుకు లేదు. నేను సంబరపడిపోయి గిటారు ఎత్తుకుని తీగలు పట్టుకున్నాను.

ఆంటీ టక్కున ఆగిపోయింది.

"అదేంటయ్యా, నీ డబ్బా ఊఁ కొట్టడం మానేసింది?"

చెయ్యి తీశాను. డబ్బా ఊఁ అంది. ఆంటీ అందుకుంది. చెయ్యి పెట్టాను, ఆంటీ ఆగింది. అలా ఎన్నిసార్లు చేశానో, ఆమెకి విసుగొచ్చి, "ఆటలాడతన్నావా నాతో" అనేదాకా చేశాను.

"ఆంటీ, మీరు శ్రుతి దీన్నుంచా పట్టుకునేది?"

"మరింకెక్కణ్ణుంచి పట్టుకుంటా? మా వార్డులో మందుల ఫ్రిజ్జు అచ్చం ఇట్టాగే ఊఁ అంటది. నైట్ డ్యూటీలో దాని పక్కన కూర్చుని పాడుకునేదాన్ని. ఇక్కడికొచ్చినా అదే శ్రుతి వినపడతంటే ప్రాణానికి హాయిగా ఉండేది."

ఫ్రిజ్జయినా ట్యూబులైటు చోకయినా నా డబ్బా అయినా, గొణిగేది ఒకటే కరెంటు. ఆమె ఊళ్లో నేర్చుకున్న కీర్తనల్ని ఢిల్లీ కరెంటు శ్రుతిలో ఇన్నేళ్లు పాడుతూ వచ్చింది. ఆ శ్రుతి కీబోర్డులో రెండు మెట్ల మధ్య పడితే తప్పు ఆమెదెలా అవుతుంది? ఆమె నిలబడ్డ మెట్టుని లాగేసినవి నా సాఫ్ ఆవాజ్ తీగలే.

సంగతి చెబితే కుర్రాడు నమ్మలేదు. తనే నా తీగల మీద చెయ్యి పెట్టీ తీసీ చూశాడు.  తర్వాత కీబోర్డు మీదకి వంగి ఏదో మీట నొక్కుతూ, ఊఁ అన్న చప్పుడుతో పోల్చుకుంటూ, మొత్తం శ్రుతిని వెంట్రుకంత వెంట్రుకంత పైకి జరిపాడు.

"ఉన్నది బటన్" అన్నాడు నావైపు చూడకుండా. "ఎన్నడూ వాడలే అన్నా."

సోమవారం ఆఫీసు నుంచి నేరుగా దర్యాగంజ్ వెళ్లాను. మళ్లీ నల్లవే కావాలంటే సర్దార్జీ నాకు మతి చెడిందేమోనన్నట్టు చూశాడు. "రొద వస్తుంది" అన్నాడు. "అదే కావాలి" అన్నాను.

గుడ్ ఫ్రైడే నాడు ఇంగ్లీషువాళ్ల మూడు గంటల ఆరాధన ముగిశాక సాయంత్రం మాకిచ్చారు. హాలు నిండిపోయి జనం గుమ్మాల్లో నిలబడ్డారు. నల్ల తీగల మీద నా చెయ్యి, డబ్బా నిమ్మళంగా ఊఁ అంటోంది. అయ్యగారు కీర్తన పేరు చెప్పారు. పిల్లల్నే పాడమంటారా, ఎలా అన్నట్టు కమిటీ పెద్ద వైపు చూశారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. కీబోర్డు పోయింది, డబ్బా పోయింది. జనరేటరు ఉంది గానీ దాని గది తాళంచెవి ఇంగ్లీషువాళ్ల కమిటీ దగ్గరుంది, వాళ్లు ఇళ్లకి పోయారు. అంతమంది మధ్య అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆంటీ నావైపు చూసింది. చిన్నపిల్ల తప్పిపోయినట్టుంది ఆ చూపు.

నేను లేచి ఆమె బల్ల పక్కకెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. గిటారు చెక్కని ఆమె భుజానికి ఆనించాను. ఆమెకి అర్థమైంది. తల వంచి చెవి చెక్కకి పెట్టింది. అక్కడ మెట్టు లేదు, గుర్తు లేదు. కానీ ఆ చోటు నా వేలికి తెలుసు, ఆమె వల్లే తెలుసు. తీగ మీటాను. మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ వినపడలేదు.

ఆంటీ ఎత్తింది. మొదటి మాటకే హాలు అందుకుంది. ఏ వాయిద్యమూ లేకుండా, చెమటలు కారుతూ, పల్లవి నుంచి చరణానికి, చరణం నుంచి పల్లవికి నడిచాం. కుర్రాడు ఉత్త కీబోర్డు ముందు నిలబడి గొంతెత్తి పాడుతున్నాడు. మూడో చరణంలో కరెంటు వచ్చింది. ఫ్యాన్లు కదిలాయి, నా డబ్బా ఊఁ అంది. ఆ ఊఁకీ ఆమె గొంతుకీ వెంట్రుకవాసి తేడా లేదు. మధ్యలో లేచెళ్లిన మనిషి తిరిగొచ్చి మాలో గొంతు కలిపినట్టు కలిసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఆరాధన అయ్యాక కమిటీ పెద్ద చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. మామూలు గొంతుతో అడిగాడు.

"ఈస్టర్‌కి మొదట ఏ పాట ఎత్తుతున్నారు సిస్టర్‌గారూ?"

ఆంటీ చేతిసంచి జిప్పు మూసింది. ఈసారి మళ్లీ తీయలేదు.