రిమాండ్‌లో మా ఆయనకు ఫిట్స్ వచ్చినప్పుడు

మా ఆయన ఓబులేసు ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలేవాడు. ఒక రోజు పొద్దున టీ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు. చేతులు అంతగా వణికి, టీ అంతా చొక్కా మీద ఒలికింది. ఇంటి వెనక్కి పోయి సీసాలో మిగిలింది తాగి వచ్చాడు. వణుకు ఆగింది. తాగితే వణకాలి గానీ తాగకపోతే వణకడమేమిటని నాకు ఆ రోజే భయం పుట్టింది.

మా అత్తకు చెప్తే, "లారీ తోలే మొగోడు ఆ మాత్రం తాగడా? నీ నోటికి తట్టుకోలేకనే తాగుతాండాడు" అంది.

ఇక్కడ 'ఆయన' అని రాస్తున్నది అలవాటు కొద్దీ. గౌరవం కొద్దీ కాదు.

తర్వాత పులివెందులలో మా తమ్ముడు గంగాధర్ ఇంటికి పోయినప్పుడు, ఆయన బాగా తాగి బైకు తీయబోయాడు. తమ్ముడు తాళం లాక్కున్నాడు. ఆయన జాకీ రాడ్డుతో వాడి తల మీద కొట్టాడు. తమ్ముడికి ఇప్పటికీ ఎడమ చెవి వినపడదు. కేసు పెట్టింది మేమే. అత్తగారి వైపు వాళ్లు బతిమాలారు, తిట్టారు. నేను తగ్గలేదు.

రిమాండ్‌కు పంపే ముందు డాక్టరు పరీక్ష చేస్తూ తాగుడు అలవాటుందా అని అడిగాడు. "లేదు సార్" అన్నాడు ఆయన. బెయిలు రాదేమోనని అత్తకు భయం. "మావాడు చుక్క ముట్టడు సారూ" అంది.

"అబద్ధం సార్, పొద్దున లేస్తానే తాగుతాడు" అన్నాను.

"నా మీద కేసు పెట్టిందే ఈమె సార్. ఈమె మాట నమ్ముతారా?" అన్నాడు ఆయన. డాక్టరు నా మాట రాసుకోలేదు.

రెండు రోజులకు, మా అమ్మాయి నాన్న కోసం ఏడుస్తుంటే చూడలేక సబ్‌జైలుకు ములాఖత్‌కు పోయాను. ఆయన చెమటతో తడిసిపోయి, లేని చీమలను చేతుల మీద నుంచి ఏరి పారేస్తున్నాడు. వార్డరును పిలిచాను.

"యాక్టింగ్‌మ్మా. ఆసుపత్రిలో పండుకోవచ్చని అందరూ ఇదే చేస్తాంటారు" అన్నాడు.

"యాక్టింగ్‌కు చొక్కా అట్ల తడుస్తాదా సార్? డాక్టరును పిలుస్తావా, ఈడనే అరిచి జనాన్ని పోగెయ్యమంటావా?"

మేము పోట్లాడుతుండగానే ఆయన కట్టెలా బిగుసుకుపోయి కింద పడ్డాడు. నోట్లో నురగ. అప్పుడు పరిగెత్తాడు వార్డరు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. "ఇది ఆల్కహాల్ విత్‌డ్రాయల్. ఫిట్స్ వచ్చాయి, ఇప్పుడు డెలీరియం ట్రెమెన్స్‌లో, అంటే తెలివి తప్పి లేనివి కనపడే స్థితిలో ఉన్నాడు. రోజూ తాగేవాళ్లకు తాగుడు ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణం పోవచ్చు. జైలుకు పోయేటప్పుడు ఎవరూ చెప్పలేదా?"

కబురు విని వచ్చిన అత్త వైపు చూశాను. ఆమె సెలైన్ సీసా వైపు చూసింది.

ఫిట్స్ ఆగడానికి లొరాజెపామ్, ఒంట్లో తగ్గిన విటమిన్ కోసం థయామిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. మధ్యలో ఆయన నన్ను చూసి కాపలా పోలీసుతో, "అది నాకు ఇసం పెడతాంది, బయటికి తోలు దాన్ని" అని అరిచాడు.

"అది జబ్బు మాట్లాడుతోందమ్మా" అంది డాక్టరమ్మ.

"కొంత జబ్బే మేడం. మిగతాది ఆయనే" అన్నాను.

తేరుకున్నాడు. బెయిలు వచ్చింది. "ఇప్పుడు చేసింది డీటాక్స్ మాత్రమే. అసలు ట్రీట్‌మెంట్ ఇక మొదలుపెట్టాలి" అని కడప డీఅడిక్షన్ వార్డుకు రాసిచ్చారు. ఆయన పోలేదు. మళ్లీ తాగాడు. ప్రొద్దుటూరులో నేను పని చేసే బట్టల అంగడికి వచ్చి రాయి విసిరి అద్దం పగలగొట్టాడు. నేనే పోలీసులకు ఫోన్ చేశాను. బెయిలు రద్దయింది.

ఈసారి పరీక్ష దగ్గర ఎవరినీ నోరు తెరవనివ్వలేదు. ఎంత తాగుతాడో, ఎన్నేళ్లుగా తాగుతున్నాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో, ఇంతకుముందు ఫిట్స్ వచ్చిన సంగతీ అన్నీ చెప్పాను. మొదటి రోజు నుంచే మందులు ఇచ్చారు. ఫిట్స్ రాలేదు. సైకియాట్రిస్టు దగ్గరికి కూడా జైలు నుంచే తీసుకుపోయారు. మళ్లీ బెయిలు మీద బయటికి వచ్చాక కూడా ఆ మందులు మానలేదు.

ఇప్పుడు జమ్మలమడుగులో పంక్చర్ షాపులో పని చేస్తూ అక్కడే ఉంటున్నాడు. తాగడం లేదు. కేసు నడుస్తోంది. మేం కలిసి లేం. కూతురిని చూడటానికి వచ్చినప్పుడు, "రెండుసార్లు జైలుకు పంపినావు నన్ను" అన్నాడు.

"మళ్ల తాగితే మళ్ల పంపుతా" అన్నాను.

రోజూ తాగే మనిషిని పోలీసులు తీసుకుపోతే, మొదటి పరీక్షలోనే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. రాసుకునే దాకా కదలొద్దు. పరువు పోతుందని, బెయిలు రాదని దాచొద్దు. ఆ మనిషి మీద ప్రేమ లేకపోయినా చెప్పండి. నాకూ లేదు. కానీ కోర్టు బోనులో నిలబడి మా తమ్ముడికి జవాబు చెప్పాలంటే ముందు ఆయన బతికుండాలి.