రీగా దాకా ఒక స్వరం

మొన్న మా మనవరాలు వయొలిన్ కమానుకి రోజిన్ రాస్తుంటే ఆ గుగ్గిలంలాంటి వాసన గుప్పున ముక్కుకి తగిలింది. అంతే, అమెరికాలో, నోవై ఊళ్లో మా ఇంట్లో కూర్చున్నదాన్ని డెబ్బైల చివరి రోజుల్లోకి, ఒక చర్చి హాల్లో ఇల్జే గారి ఎదుటికి వెళ్లిపోయాను. ఆవిడది లాత్వియా. రెండో ప్రపంచ యుద్ధంలో చిన్నప్పుడే అక్కడి రీగా నగరం వదిలి వచ్చేశారట. చెల్లెలు ఆన్నా అక్కడే ఉండిపోయింది. శనివారాలు అప్పటికి చిన్నపిల్లలమైన మాకు వయొలిన్ నేర్పేవారు, మిగతా రోజులు సొంతంగా సంగీతం రాసుకునేవారు.

ఆ ఏడు చెల్లెలి కోసమే వయొలిన్లకీ, పెద్ద వయొలిన్లలాంటి చెల్లోలకీ ఒక రచన చేశారు. చివర్లో అందరూ ఆగిపోతారు, ఒక్క వయొలిన్ మీద ఒక్క స్వరం మిగులుతుంది. అది నా వంతు. నాకేమో ఇంట్లో నాన్న కర్ణాటక సంగీతం నేర్పారాయె, వేలు ఊరుకుంటేగా! స్వరం అందగానే గమకం వేసేశాను.

"ఊపకు. దానికి తోడు తేకు," అన్నారు ఇల్జే గారు.

"మరీ బోసిగా ఉంది, మిస్!"

"బోసిగానే ఉంటుంది."

ఇంటికొచ్చి చెబితే అమ్మ నిట్టూర్చింది. "పాపం, ఆవిడకి ఎంత దిగులో! చెప్పినట్టే ప్లే చెయ్యవే."

ఆ రోజుల్లో రీగా సోవియట్ పాలనలో ఉండేది, ఆవిడకి అక్కడికి వెళ్లే వీల్లేదు. చెల్లెలికి వినిపించాలంటే ఫోనొక్కటే దారి. ముందే కాల్ బుక్ చేసి, ఒక శనివారం ఉదయం చర్చి ఆఫీసు ఫోన్‌ని వైరుతో సహా హాల్లోకి లాక్కొచ్చారు. లైన్ కలిసింది. వాళ్ల భాషలో రెండు ముక్కలు మాట్లాడి, రిసీవర్ మావైపు చాచి, కానివ్వమని తలూపారు. మధ్యలో ఒకసారి దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. ముఖం పాలిపోయింది. అయినా మళ్లీ మావైపే చాచారు. చివరి స్వరం నేను ఊపలేదు.

"ఆన్నా గారు విన్నారా?" అని ఆత్రంగా అడిగాను.

"సగంలోనే లైన్ కట్ అయింది."

"మరి మమ్మల్ని ఆపలేదేం?"

"మా చెల్లెలు అక్కడ ఇంకా ఫోన్ పట్టుకునే నిలబడి ఉంటుంది. నేనెలా పెట్టేస్తాను?"

మళ్లీ లైన్ దొరికేలోపే ఆన్నా పోయింది. ఎనభైల్లో ఇల్జే గారూ పోయారు. ఆ అక్కాచెల్లెళ్లు మళ్లీ ఒకర్నొకరు చూసుకోనే లేదు.

ఇప్పటికీ ఎవరితోనైనా మాట్లాడుతుండగా లైన్ తెగితే, "కట్ అయిందిగా, పెట్టెయ్," అని మా ఆయన విసుక్కుంటారు. నాకు పెట్టబుద్ధి కాదు. కాసేపు ఫోన్ చెవికే ఆనించుకుని నిలబడతాను. అవతల ఎవరూ ఉండరని తెలుసు. అయినా, ముందుగా వదిలేసింది నేను కాకూడదు.