చాప మీద కూర్చున్న ఎంపీ

పార్లమెంటు సమావేశాలు ముగిసిన ప్రతిసారీ మా ఎంపీ సిరిసిల్ల మరమగ్గాల వాడకు వచ్చి, చాప మీద కూర్చుని, ఢిల్లీలో తానేం అడిగిందో చెప్పేది. జవాబు రాకపోతే రాలేదనే చెప్పేది. నాయకుల అబద్ధాలకు అలవాటుపడిన నాకది వింత.

చివరిసారి ఆమె ఎదుట, పని పోయి ప్రాణం తీసుకున్న నేతకార్మికుడి భార్య కూర్చుంది.

“వాని కర్మ గట్లుంది,” అన్నాడు సాంచల, అంటే మరమగ్గాల, యజమాని.

“కర్మేంది సేటూ? సాంచలు బందువెట్టింది నువ్వు, నూలు ధర వెంచింది సర్కారు!” అని ఎంపీ కసిరింది.

“గీ మాట ఢిల్లీల అన్నవా అమ్మా?” అని అడిగింది ఆ ఇల్లాలు.

“అన్న బిడ్డా. నడుమనే మైకు బందు జేసిండ్రు.”

“మరి మాకెవరు దిక్కు?”

ఎంపీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఎంపీ చనిపోయింది. మొన్న సంతాప సభలో వక్తలంతా ఆమెను దేవతను చేశారు. ఆ ఇల్లాలు లేచింది.

“దేవత గాదు సారూ, మనిషి. నాకు జవాబు చెప్పలేక ఏడ్చింది.”