గోడ వైపు తిరిగిన ముఖం

నా బొమ్మల గురించి అచ్చయిన కరపత్రంలో ఒక మాట తప్పు. రాసినవాళ్లకి నిజం తెలియదు. తెలిసిన నేను ఊరుకున్నాను.

ఖుర్సీపార్‌లో నేను దుకాణాల బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సులొచ్చాక ఆ పని పోయింది. నలభై దాటాక కాన్వాసు మీద వేయడం మొదలుపెట్టాను. చెరువులు, దేవుళ్లు, ఉక్కు ప్లాంటు మీద ఎర్రబడ్డ ఆకాశం, ఏది తోస్తే అది. రాయపూర్‌లో గ్యాలరీ నడిపే ఆవిడ అన్నీ తిరగేసి, ఇవి ఒకదాన్నొకటి ఎరగనట్టున్నాయి భయ్యా, ఒక ఇంటివాళ్లలా ఉండేవి వేసి తీసుకురండి అని హిందీలో చెప్పింది.

అప్పుడు నా కన్ను మా నాన్న మీద పడింది.

నాన్న ప్లాంటులో బొగ్గుని కోక్‌గా కాల్చే ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. సెక్టర్ 2లో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి నా దగ్గరికి వచ్చేశాక కూడా, మధ్యాహ్నం మొదటి షిఫ్టు విడిచే వేళకి అన్నం తినేసి మలుపులో టీ కొట్టుకి వెళ్లేవాడు. రిటైరైనవాళ్లంతా అక్కడే చేరేవారు. డ్యూటీ దిగి వచ్చేవాళ్లని ఆపి, ఏ ఓవెను మొరాయించిందో అడిగేవారు. ఇక తమది కాని పని గురించి చీకటి పడేదాకా తగువులాడుకునేవారు.

మా ముందుగది కిటికీలోంచి నాకు కావలసిన ఎండ వచ్చేది కూడా ఆ వేళకే. అదే కుర్చీ, అదే గోడ, అదే వెలుగు ఉంటేగానీ బొమ్మలన్నీ ఒక సెట్టుగా కుదరవు. కొన్నాళ్లు కూర్చోమన్నాను. "ఒరే, ఆళ్లు ఎదురు చూస్తార్రా" అన్నాడు. చలికాలం పోతే ఈ ఎండ దొరకదన్నాను. కూర్చున్నాడు. మొదట వేసిన బొమ్మలన్నిటిలో ఆయన ముఖం కిటికీ వైపే ఉంటుంది. డ్యూటీ దిగిన బళ్లు ఆ రోడ్డు మీంచే పోతాయి.

ఒకరోజు నాన్నతో ఓవెన్ల దగ్గర కలిసి పనిచేసిన స్నేహితుడు గేటు దగ్గరికొచ్చాడు. బొబ్బిలి వైపు మనిషి.

"ఏటి బాబూ, మీ నాన్న మరి కనపడ్డం నేదు. మా మీద కోపమొచ్చిందేటి?"

పాలెట్ మీద రంగు తడిగా ఉంది. ఎండ ఇంకాసేపే ఉంటుంది. నాన్న పడుకున్నాడని చెప్పాను. లేపొద్దులే అని ఆయన వెళ్లిపోయాడు.

కిటికీకి జాలీ ఉంది. బయటివాళ్లకి లోపలి మనిషి కనిపించడు, లోపలికి మాటలు మాత్రం వినిపిస్తాయి. నేను వచ్చేసరికి నాన్న ముఖం గోడ వైపు తిప్పుకుని ఉన్నాడు. మళ్లీ కిటికీ వైపు తిరగమన్నాను.

"ఇలాగే ఎయ్యి" అన్నాడు.

సెట్టు చెడిపోతుందని నాకు కోపం కూడా వచ్చింది. అయినా వేశాను. తర్వాతవన్నీ అలాగే వచ్చాయి. ఎండ ముదిరి బొమ్మలు ఆపేశాక కూడా ఆయన టీ కొట్టుకి వెళ్లలేదు. హోలీ అయ్యాక గుండెపోటుతో పోయాడు.

రాయపూర్‌లో బొమ్మలు వరసగా పెట్టినప్పుడు గ్యాలరీ ఆవిడ ముఖం తిరిగిన చోటే ఆగిపోయింది. సెట్టుకి ప్రాణం అక్కడుందంది. ఒక ముసలాయన లోకం వదిలి మెల్లగా తనలోకి తిరిగాడని కరపత్రంలో రాయించింది. చూసినవాళ్లు మెచ్చుకుంటే దండం పెట్టాను.

ఆయన తిరిగింది నా అబద్ధం విని.

మొన్న టీ కొట్టుకి వెళ్లి ఆ స్నేహితుడికి చెప్పాను. ఆ రోజు నాన్న పడుకోలేదని, కిటికీ పక్కనే ఉన్నాడని. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"అయితే నా మాట ఇనిపించిందేటి ఆడికి?"

వినిపించిందన్నాను.