తలుపు ఎటు తెరుచుకోవాలి

వదిన చేతులు చిత్రిక మీద ఉన్నాయి. తలుపు చుట్టూ బిగించే చౌకట్టు కర్ర మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే పట్టున తోస్తోంది. పొట్టు చుట్టలు చుట్టుకుని ఆమె పాదాల మీద పడుతోంది. పగలంతా కుర్చీల దుకాణంలో పని, సాయంత్రం మా నాటక బృందం షెడ్డులో పని. మా దర్శకుడికి వదిన కాబట్టి మా అందరికీ వదినే. ఆమె చేసినవాటికి నేను రంగు వేస్తాను. లోపం కప్పడానికి రంగు పూయాల్సిన అవసరం ఆమె దగ్గర ఎప్పుడూ రాలేదు.

ఈసారి వేస్తున్నది బాగా పేరున్న రచయిత నాటకం. తమ్ముణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టిన అన్న చివరి రంగంలో తలుపు తీస్తాడు. గుమ్మంలో తమ్ముడు. పుస్తకంలో తలుపు తీస్తాడనే ఉంది, ఎటు తీస్తాడో లేదు. చౌకట్టులో రెక్క ఆనే గాడి ఒకవైపే చెక్కాలి. తలుపు లోపలికి తెరుచుకోవాలంటే ఒకవైపు, బయటికంటే రెండోవైపు. ఉలి పెట్టాక మార్చడం కుదరదు. ఇంకో చౌకట్టుకి కర్ర లేదు.

"ఏదో ఒకవైపు కానియ్యి వదినా," అన్నాడు దర్శకుడు.

"ఏదో ఒకవైపు తెరుచుకోడానికి అదేం అట్టపెట్టా? రాసినాయన్నే అడుగుతా."

"అమ్మో! ఆయనకి కోపం ముక్కు మీదుంటుంది. అనుమతి ఇచ్చిందే గగనం. తలుపు కోసం ఫోన్ చేశారని మండిపడి నాటకమే వద్దంటే అందరం కూర్చుని పేకాడుకోవాలి."

"నీకు అదీ రాదుగా, మరిదీ."

అతను నంబరు చెప్పి, వినే ధైర్యం లేక బయటికి వెళ్ళిపోయాడు. వదిన చేతులకి జిగురు ఉంది. ఫోన్ నేనే కలిపి బల్ల మీద పెట్టి, మాట అందరికీ వినపడేలా నొక్కాను. రచయిత భార్య ఎత్తింది.

"సభలకి రారమ్మా. మోకాళ్ళ నొప్పులు."

"సభ కాదండీ. నేను వడ్రంగిని. తలుపు గురించి."

"మా తలుపులన్నీ బాగానే ఉన్నాయి. ఎవరిచ్చారు నీకీ నంబరు?"

"మీ ఇంటివి కాదండీ! ఆయన నాటకంలో తలుపు. గాడి చెక్కాలి, ఎటు తెరుచుకోవాలో అడిగి చెప్పండి, చాలు."

అవతల ఫోన్ దేనిమీదో పెట్టిన చప్పుడైంది. పెట్టేసిందనుకున్నాను. వదిన మాత్రం ఉలి పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి చేతికర్ర టకటక వినిపించింది, ఓ ముసలి గొంతు వచ్చింది.

"ఎవరమ్మా తలుపు చేస్తున్నది?"

"నేనేనండీ. లోపలికా, బయటికా?"

"లోపలికే." ఆయన తడుముకోలేదు. "బయటికి తోస్తే గుమ్మంలో ఉన్న తమ్ముడు వెనక్కి జరగాలి. మళ్ళీ గెంటినట్టే అవుతుంది. లోపలికి లాగితే అన్నే ఒక అడుగు వెనక్కి తగ్గాలి. వాడు నోటితో చెప్పలేని మాట అదేనమ్మా. ఆ అడుగు కోసమే నాటకమంతా రాశాను. రాయాల్సిన ముక్క మాత్రం రాయలేదు, చూశావా!" అంటూ నవ్వాడు.

"మరి బందులు ఎటు బిగించమంటారు? కుడికా, ఎడమకా?"

"అది నాకేం తెలుసు తల్లీ? అది నీ పని."

"సరేనండీ," అంది వదిన. వెంటనే సుత్తి అందుకుంది.

గాడి చెక్కింది. రెక్క తెరుచుకున్నాక తమ్ముడి ముఖానికి అడ్డు రాని వైపు బందులు బిగించింది. అది తేల్చుకోడానికి హాల్లో మూల కుర్చీల్లో కూడా కూర్చుని చూసి వచ్చింది. తలుపు బరువుగా కదలాలి, చప్పుడు చెయ్యకూడదు. కిర్రుమన్న ప్రతిసారీ రెక్క ఊడదీసి మళ్ళీ చిత్రిక పట్టింది.

అన్న వేషం వేసేది మా బృందంలోనే ఉన్న ఓ బస్సు కండక్టరు. అతనికి అడుగు సంగతి ఎవరూ చెప్పలేదు. వదిన పిలిచి, "తీసి చూడు," అంది. అతను రెక్క లాగాడు. అది మీదికి రావడంతో కాలు దానంతటదే వెనక్కి పడింది. అక్కడే ఆగిపోయి, ఖాళీ గుమ్మంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఏంటి వదినా, తలుపే నన్ను వెనక్కి జరిపింది!" అన్నాడు.

వదిన చీరకంటిన పొట్టు దులుపుకుంది. గడియ ఒకసారి వేసి, తీసి, అతని చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది.

"ఇక నీదే. బస్సు తలుపులా బాదకు."